పెద్దమ్మ చేతిలో కేరేజీ

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. చాలామటుకు ఎవరికీ తెలియకుండానే పోయాయి. ఒక్క తప్పుని మాత్రం నేనే రంగులు వేసి, ఫ్రేము కట్టించి, గోడకి తగిలించాను. అది చాలదన్నట్టు తలుపు దగ్గర పెద్ద పెద్ద అక్షరాలతో ఇదంతా నిజమని కూడా రాసిపెట్టాను. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను. మన పిల్లల్లో బొమ్మలు గీసేవాళ్లూ ఫోటోలు తీసేవాళ్లూ బాగా పెరిగారు కనక వాళ్లు వింటే మంచిది. తెలుగు చదవడం రాకపోతే ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించుకోండి. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు, ఆ పెద్దవాళ్లకీ కాస్త పని దొరుకుతుంది.

అది మెర్డెకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చిన సంవత్సరం. కౌలాలంపూర్‌లో ఒక చిన్న సర్కారు ఆఫీసులో నేను చిత్రకారుణ్ణి. చిత్రకారుడంటే ఏదో ఊహించుకునేరు. దోమలు పెరగకుండా నీళ్లు పారబోయమని చెప్పే బొమ్మలూ, రోడ్డు దాటే ముందు అటూ ఇటూ చూడమనే బోర్డులూ నా పని. అంతకుముందు కొట్లకి పేర్లు రాసేవాణ్ణి. పుట్టింది సుంగై సుమున్ వైపు ఒక రబ్బరు తోటలో. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే పెద్దమ్మ తీసుకుని పెంచింది. ఆవిడ తోటలో చెట్లకి గాటు పెట్టి రబ్బరు పాలు తీసే కూలీ. నన్ను బడికి పంపిందీ, బలపాలు కొనిచ్చిందీ, బొమ్మలు గీసి గోడ పాడుచేస్తే వీపు వాయగొట్టిందీ ఆవిడే.

ఆఫీసులో నాకు పైన ఇద్దరు. ఒకాయన ఇంగ్లీషు దొర. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ తుమ్ముతూ ఉండేవాడు. ఇంకొకాయన తమిళాయన, పెద్ద గుమస్తా. ఆఫీసులో చీపురు నుంచి దొరగారి సంతకం దాకా అన్నీ ఆయన చేతి కింద నుంచే వెళ్లాలి.

మెర్డెకాకి కొన్ని నెలల ముందు దొర సెలవు మీద ఇంగ్లండు వెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో వాళ్ల తాతగారు ఎప్పుడో కొన్న పాత అచ్చుబొమ్మలు ఉన్నాయి. నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్‌లో ఇలాంటి బొమ్మల పుస్తకాలకి మంచి గిరాకీ ఉండేదట. ఏ దేశం వాళ్లు ఏం కట్టుకుంటారో పేజీకి ఒక మనిషి చొప్పున నిలబెట్టి, కింద దేశం పేరు రాసి అచ్చు వేసేవారు. ఓడలు కొత్త కొత్త దేశాలకి పోయి వస్తున్న కాలం. ఇంట్లో కూర్చునే లోకమంతా చూడాలని జనానికి ఆశ. ఆ బొమ్మలు చెక్క మీదా రాగిరేకు మీదా చెక్కినవాళ్లు మాత్రం చాలామంది ఊరు దాటినవాళ్లు కారు. ఓడ దిగినవాడు చెప్పింది విని, ఇంకొకడు గీసింది చూసి, మిగతాది తోచినట్టు పూర్తిచేసేవారు.

దొరకి ఒక ఆలోచన వచ్చింది. మెర్డెకా సందర్భంగా ఒక ప్రదర్శన పెడదాం, మొదటి గదిలో ఈ పాత బొమ్మల్ని పెద్దవిగా గీసి పెడదాం, రెండో గదిలో ఇప్పుడు ఈ దేశంలో ఉన్న జనాన్ని అదే తీరులో, మనిషికో బోర్డు చొప్పున పెడదాం అన్నాడు. చూడకుండా గీసినవి ఒక గదిలో, చూసి గీసినవి ఇంకో గదిలో. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, తలుపు దగ్గర పెట్టే ప్రకటన నేనే రాస్తానని అడిగి మరీ తీసుకున్నాను.

పాత బొమ్మల్ని ఎత్తిరాయడానికి నెలా పదిహేను రోజులు పట్టింది. రోజంతా ఒకడి గీతల వెంట మన గీత నడిపిస్తే వాడి మనసు కొంత తెలుస్తుంది. తన ఊరి ఆడవాళ్లని గీసినప్పుడు ఆ మనిషి మహా జాగరూకుడు. లేసు కుట్లు లెక్కపెట్టొచ్చు. చెప్పు తాడు ఎటు లాగితే ఊడుతుందో చెప్పొచ్చు. అదే చేయి ఇండియా ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి తడబడింది. బట్ట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముడిపడిందో, ఎక్కడ ఆగిందో వాడికి తెలియదు. దుప్పటి మీద పడేసినట్టు ముడతలు గీసి ఊరుకున్నాడు. మొహం వాళ్ల ఊరి మొహమే. నిలబడిన తీరు రాతి విగ్రహం తీరు. ఇంకో కాగితంలో ఒకడికి నడుముకి ఈకల పావడా కట్టి కింద ఇండియావాడని రాశారు. ఆ రోజుల్లో కొత్తగా దొరికిన అమెరికాని కూడా ఇండియా అనే అనేవారని దొర చెప్పాడు. అంటే ఎవరి బట్టలో ఎవరికో తగిలించారు.

ఇంకొకటి కూడా గమనించాను. ఏ బొమ్మలోనూ ఖాళీ చేయి లేదు. విసనకర్రో, పువ్వో, చిలకో, విల్లో, ఏదో ఒకటి పట్టుకునే ఉంటారు. తనకి తెలియని మనిషిని గీసేవాడికి ఖాళీ చేతిని చూస్తే భయం కాబోలు అనుకుని నవ్వుకున్నాను. పెద్ద గుమస్తాని పిలిచి చూపించి ఆయన్ని కూడా నవ్వించాను. చూడకుండా గీసేవాడి తెలివి ఇంతే కదా అని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ ఉపన్యాసం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రెండో గది పని మొదలుపెట్టేటప్పుడు పేచీ వచ్చింది. పెద్ద గుమస్తా తయారుచేసిన జాబితాలో తెలుగువాళ్లు లేరు.

"సార్, మా వాళ్ల బోర్డు ఏది?" అన్నాను.

"తంబీ, ఇండియన్‌కి తమిళ్ ఒకటి, పంజాబీ ఒకటి పోదుం లా. తెలుంగు తనియా ఎదుక్కు? చీర ఒకటే దానే?"

తమిళ్ ఒకటీ పంజాబీ ఒకటీ చాలు, చీర ఒకటే అయినప్పుడు తెలుగుకి వేరే బోర్డు దేనికని ఆయన వాదన. ఆయన చెడ్డవాడు కాదు, ప్లైవుడ్డు ఖర్చు తప్పించాలని చూశాడంతే. నేను ఊరుకోలేదు. దొర దగ్గరికి వెళ్లి, మన బొమ్మల్లో కూడా ఒకరి బట్టలు ఇంకొకరికి తగిలిస్తే ఆ పాతవాళ్లకీ మనకీ తేడా ఏమిటని అడిగాను. దొర రెండుసార్లు తుమ్మి, ఇంకో బోర్డుకి ఒప్పుకున్నాడు.

అంత పోట్లాడి తెచ్చుకున్న బోర్డు మీద నేను మొదట ఏం గీశానో తెలుసా? మా గదిలో వేలాడుతున్న మద్రాసు క్యాలెండరు చూసి, పట్టుచీర, వడ్డాణం, తల నిండా మల్లెపూలు ఉన్న ఒక ఆడమనిషిని గీశాను. మా తోటలో పెళ్లికూతురు కూడా అలా ఉండగా నేను చూడలేదు. దొర వచ్చి చాలాసేపు చూశాడు. బొమ్మ బాగుందన్నాడు. తరవాత వేలు పెట్టి, "ఈ కొంగు ఎటు నుంచి వచ్చి ఎటు వెళుతోంది?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. క్యాలెండరులో ఆ చోటికి వీణ అడ్డం వచ్చింది.

మర్నాడే సెలవు పెట్టి సుంగై సుమున్ బయల్దేరాను.

కమ్యూనిస్టుల తిరుగుబాటు అణచడానికి సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ అప్పటికి ఇంకా నడుస్తోంది. అడవిలో తిరుగుబాటుదారులు, రోడ్ల మీద పటాలం. తోటకూలీలు ఉండే లయాల చుట్టూ ముళ్లకంచె, ఒకటే గేటు. అడవిలో ఉన్నవాళ్లకి తిండి అందకూడదని మా వైపు గట్టి నిబంధన పెట్టారు. గేటు దాటి పిడికెడు అన్నం కూడా బయటికి పోకూడదు. తెల్లవారుజామున పనికి వెళ్లిన మనిషి మధ్యాహ్నం తిరిగివచ్చి లయంలోనే తినాలి. అన్నంతో పట్టుబడితే జైలు. మనిషి జైలుకి పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు తోటవాళ్లు ఇచ్చిన ఇల్లూ పోతుంది. ఇదంతా నాకు తెలుసు. నేను వెళ్లేసరికి గేటు దగ్గర కాపలావాళ్లు ఆడవాళ్లని బాల్చీలు బోర్లించి చూపించమంటున్నారు కూడా.

పెద్దమ్మ కావిడికి రెండు పక్కలా పాలబాల్చీలు వేసుకుని తూకం కొట్టు వైపు వస్తోంది. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, తలకి గుడ్డ, కాళ్లకి జలగలు పట్టకుండా చుట్టిన పాత బట్టపీలికలు. ఒంటినిండా ఎండిన రబ్బరు మరకలు.

"బొమ్మ గీస్తాను పెద్దమ్మా, ఒక్క గంట నిలబడు," అన్నాను.

"నన్నా? నా మొకం నువ్వెరగవేటిరా, ఇంత దూరం వచ్చినావు?" అని నవ్వింది.

కావిడితోనే నిలబడింది. నాకు బాల్చీలు అడ్డం వచ్చాయి. చీర కట్టు కనబడటం లేదు. నేను వచ్చిందే ఆ కట్టు కోసం కదా.

"బాల్చీలు కింద పెట్టు పెద్దమ్మా. సీర కనబడ్డం నేదు."

"కింద పెడితే నాను ఏటి సేత్తన్నట్టు?"

"ఏటీ సెయ్యకు. ఊరికే నిలబడు."

"ఊరికే నిలబడ్డం నాకు సేతకాదురా," అంది కానీ, నా మాట కాదనలేక కింద పెట్టింది.

ఈసారి ముడులన్నీ చూసి గీశాను. చొక్కా ఎక్కడ చిరిగిందో, చీర కుచ్చిళ్లు ఎలా పైకి దోపిందో, తలగుడ్డ ఎటువైపు ముడివేసిందో, ఏదీ వదల్లేదు. ఆవిడ చేతులు మాత్రం రెండూ రెండు పక్కల ఏం చేయాలో తోచక వేలాడుతున్నాయి.

కౌలాలంపూర్ వచ్చి రంగులు వేశాను. వెనక రబ్బరు చెట్లు వేశాను. అంతా కుదిరింది. చేయి దగ్గర మాత్రం బొమ్మ వెలితిగా కనబడింది. రెండు రోజులు అటు తిరిగి ఇటు తిరిగి చూశాను. అప్పుడు నాకు ఒక కేరేజీ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు పని దిగాక పెద్దమ్మ ఎనామిల్ కేరేజీలో అన్నం పెట్టుకుని తోట బడి దగ్గరికి వచ్చేది. దాని మీద ఆకుపచ్చ పువ్వులు ఉండేవి. ఆ కేరేజీని ఆవిడ కుడిచేతిలో పెట్టాను. పువ్వులు కూడా గీశాను. గీస్తుంటే కళ్లు చెమర్చాయి. కింద 'తెలుగు స్త్రీ, సుంగై సుమున్' అని మూడు భాషల్లో రాశాను. తలుపు దగ్గర ప్రకటనలో 'ఈ గదిలోని ప్రతి బొమ్మా మనిషిని ఎదుట నిలబెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు గీసినది' అని రాశాను.

ప్రదర్శన మొదలవడానికి మూడు రోజుల ముందు పోలీసు ఇన్‌స్పెక్టరు ఒకాయన చూడడానికి వచ్చాడు. జనం పోగయ్యే చోటల్లా ముందు వాళ్లు చూసి ఒప్పుకోవాలి. మలయ్ ఆయన, నలభై ఏళ్లుంటాయి, తక్కువ మాట్లాడే మనిషి. మొదటి గది నవ్వుతూ చూశాడు. రెండో గదిలో మా పెద్దమ్మ బోర్డు దగ్గర ఆగాడు. ఆగినవాడు కదల్లేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

పెద్ద గుమస్తా నా పక్కకి వచ్చి చెవిలో, "అయ్యో తంబీ, అందులో సోరు దానే?" అన్నాడు.

అన్నమే కదా అని ఆయన అడిగాకే నాకు తెలివి వచ్చింది. రబ్బరు చెట్ల మధ్య, కేరేజీతో, ఊరి పేరుతో సహా మా పెద్దమ్మ నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచాడు. "ఈ మనిషి ఉందా?"

"ఉంది తువాన్," అన్నాను, మలయ్‌లో అయ్యా అన్నట్టు. "మా పెద్దమ్మ."

"చేతిలో ఏముంది?"

"ఏమీ లేదు తువాన్. చేయి ఖాళీ. అది నేను తరవాత గీశాను."

ఆయన తలుపు వైపు చూశాడు. "అక్కడ ఉన్నది ఉన్నట్టు అని రాసి ఉంది. ఎవరు రాశారు?"

"నేనే."

"అయితే ఏది అబద్ధం? రాసిందా, గీసిందా?"

దొర అడ్డం వచ్చి, ఇది ఉత్త బొమ్మ కదా అన్నాడు. ఉత్త బొమ్మ అని ఆ తలుపు దగ్గర లేదు కదా అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. నేను ఉన్నదంతా చెప్పాను. బాల్చీలు కింద పెట్టించడం, చేయి బోసిపోవడం, చిన్నప్పటి కేరేజీ, అన్నీ. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. పట్టుబడినవాడు ఎవడైనా అలాగే చెబుతాడు. పెద్దమ్మని కాపాడుకోవాలంటే నేను అబద్ధాలకోరునని అందరి ముందూ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నా ఆయన మొహంలో ఏమీ మారలేదు.

చివరికి ఆయన పుస్తకం మూసి ఇలా అన్నాడు: "నేను కాగితం రాసి అక్కడి స్టేషనుకి పంపితే వాళ్లు ముందు ఆమెని తీసుకెళ్లి తరవాత అడుగుతారు. చూసి ఊరుకుంటే నా ఉద్యోగం పోతుంది. రేపు పొద్దున నేనే వెళతాను. నువ్వూ రా. బొమ్మ కూడా తీసుకురా."

తెల్లవారగానే జీపులో బయల్దేరాం. వెనక సీట్లో నేనూ, నా పక్కన గోనెగుడ్డ చుట్టిన బోర్డూ. బిడోర్ దాటాం, తెలుక్ ఆన్సన్ దాటాం. దారి పొడుగునా నేను ఆ పాత బొమ్మలు గీసినవాణ్ణి తలుచుకున్నాను. వాడు ఇండియావాడికి ఈకలు కట్టినా, ఆ ఈకల మూలంగా ఏ ఇండియావాడూ జైలుకి పోలేదు. నేను నిజంగా చూసి, నిజం ముడులు గీసి, ఒక్క చేయి దగ్గర ప్రేమ కొద్దీ అబద్ధం చెప్పాను. దానికి మా పెద్దమ్మ ఇల్లు పోయేలా ఉంది.

మేం వెళ్లేసరికి తూకం కొట్టు దగ్గర ఆడవాళ్లు వరసలో ఉన్నారు. పెద్దమ్మ నన్ను చూసి నవ్వబోయి, నా పక్కన పోలీసాయన్ని చూసి ఆగిపోయింది.

"ఏటి సేసినావురా?" అంది.

చెప్పాను. బోర్డు మీద గుడ్డ తీసి చూపించాను. ఆవిడ బొమ్మని చూసింది, కేరేజీని చూసింది. వరసలో ఉన్న మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. వాళ్లని తప్పుపట్టను, ఎవరి ఇల్లు వాళ్లకి ఉంది.

"నన్ను ఒట్టుకుపోతారేటి?" అని మెల్లిగా అడిగింది.

నేను ఇన్‌స్పెక్టరు వైపు చూశాను.

పెద్దమ్మ భుజం మీది కావిడి కింద దించకుండానే ఇన్‌స్పెక్టరు ముందుకి నడిచింది. ఆవిడకి తోట మలయ్ బాగా వచ్చు. ఆయనతో మలయ్‌లోనే మాట్లాడింది. ఆ మాటలు మన భాషలో ఇలా ఉంటాయి:

"తువాన్, నన్ను సూడు. ఈ సెయ్యి కావిడి మీద. ఈ సెయ్యి బాల్చీ ఊగిపోకుండా తాడు మీద. ఆ కేరేజీ ఏటితో పట్టుకోమంటావు? నోటితోనా?"

"పొద్దున వెళ్లేటప్పుడు బాల్చీలు ఖాళీయే కదా," అన్నాడు ఆయన. "అన్నం బాల్చీలో పెట్టుకోవచ్చు."

పెద్దమ్మ కావిడి దించింది. పాలు తూకానికి పోసేసి, ఖాళీ బాల్చీ తెచ్చి ఆయన మొహం దగ్గర పెట్టింది. గేటు కాపలావాడు ఉలిక్కిపడి ముందుకి వచ్చాడు.

"వాసన సూడు బాబూ. ఇందులో అన్నం పెడితే నువ్వు తింటావా? అడవిలో ఉన్నోడైనా తింటాడా?"

పులిసిన రబ్బరు పాల వాసన ఎలా ఉంటుందో ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఎరగనివాళ్లకి చెప్పలేను. ఇన్‌స్పెక్టరు మొహం తిప్పుకుంటాడనుకున్నాను. తిప్పుకోలేదు. బాల్చీ అందుకుని, అంచుకి అంటుకుని ఎండిన రబ్బరుని గోటితో గీకి, చుట్టి, ఉండ చేశాడు. తోటలో పెరిగిన పిల్లలం అందరం అలాగే చేసేవాళ్లం.

"బెతుల్ లా, మక్‌చిక్," అన్నాడు. నిజమేనమ్మా అని. మా భాషలో పిన్నీ అన్నట్టు పిలిచాడు. "మా నాన్న కూడా పాలు తీసినవాడే. ఈ వాసనతోనే ఇంటికి వచ్చేవాడు." తరవాత నా వైపు తిరిగాడు. "నువ్వు ఈ తోటలో పెరిగావా? నిజంగా?"

అంత సిగ్గు నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు. అంత హాయి కూడా మళ్లీ ఎప్పుడూ కలగలేదు. రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

ఆయన పుస్తకం తీసి రెండు ముక్కలు రాసుకున్నాడు. బొమ్మ మార్చమన్నాడు. అంతేగా తువాన్ అన్నాను. "అంతే" అని జీపు దగ్గరికి వెళ్లి సిగరెట్టు వెలిగించుకున్నాడు.

అప్పటిదాకా నిటారుగా నిలబడిన పెద్దమ్మ బాల్చీ బోర్లించి దాని మీద కూలబడింది. నీళ్లు తెచ్చిస్తే సగం కొంగు మీద ఒలికాయి. కాసేపటికి తేరుకుని మొదలుపెట్టింది.

"నాను బాల్చీలు దించనన్నాను. నువ్వు దించమన్నావు. దించినాను. పోనీ దించినాక, సేతిలో ఏటి పెట్టాల పెద్దమ్మా అని ఒక్కమాట అడిగినావా? నోరు నేదా నాకు?"

"తప్పయిపోనాది పెద్దమ్మా."

"తప్పేలే. ఆ కేరేజీ ఇప్పుడెక్కడుంది? దాని మూత ఊడిపోయి పదేళ్లయినాది. దాంట్లో ఉప్పు పోసుకున్నాను." ఇంకోసారి బోర్డు వైపు చూసింది. "పువ్వులు బాగా గీసినావు," అంది.

నేను నేల మీద కూర్చుని ఈసారి అడిగాను. ఎలా గీయమంటావు? కావిడితోనే గీయమంది. చీర కట్టు బాల్చీల చాటున పోతుందన్నాను. పోతే పోనీ, నా సీర సూడ్డానికి ఎవులొత్తారు అంది. చొక్కా చిరుగు ఉంచనా తీయనా? ఉంచు, అది నిజమే కదా అంది. కింద ఏం రాయను అని అడిగాను.

"ఊరి పేరు తీసెయ్. నీ బొమ్మలో తప్పుంటే లయమంతటికీ తంటా. తెలుగు ఆడదని రాసినా అంతే, అందరి మీదికీ ఎల్తాది." బాల్చీ మీద నుంచి లేచి చీర దులుపుకుంది. "నా పేరు రాయి. తప్పొత్తే నన్నే అడుగుతారు. నాను సెప్పుకుంటాను."

తిరుగు ప్రయాణంలో ఇన్‌స్పెక్టరు తన చిన్నప్పటి కబుర్లు చెబుతూనే ఉన్నాడు. నాకు వినబడింది సగమే. మెడ మీంచి పెద్ద బరువు దిగిపోయి, ఆ జీపు కుదుపులకి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

రెండు రోజుల్లో బోర్డు మళ్లీ గీశాను. తలుపు దగ్గరి ప్రకటన చింపేశాను. పెద్ద గుమస్తా కొత్త బోర్డు చూసి, అందరి కిందా జాతి పేరు ఉంది, దీని కింద ఒక కూలీ ఆడమనిషి పేరు ఉంది, ఇదేం లెక్క తంబీ అని గునిశాడు. ఆవిడే అడిగింది సార్ అన్నాను. అడిగిందా అని ఆయన విచిత్రంగా చూసి వెళ్లిపోయాడు. ప్రదర్శన బాగానే జరిగింది. జనం మొదటి గదిలో ఈకల ఇండియావాడి దగ్గర నవ్వుకున్నారు. రెండో గదిలో పెద్దమ్మ దగ్గర నవ్వలేదు. కొందరు కింద ఉన్న పేరు పైకి చదివారు. అలా వినబడినప్పుడల్లా నాకు బాగుండేది.

ఎమర్జెన్సీ నిబంధనలు పోయాక పెద్దమ్మ ఇంకా చాలా ఏళ్లు పనిచేసింది. నేను ఉద్యోగంలో ఇంకా చాలామందిని గీశాను. ప్రతి మనిషినీ, చేతిలో ఏం పెట్టమంటారు అని ముందుగా అడిగేవాణ్ణి. ఒక్కోసారి వాళ్లు చెప్పింది విని బొమ్మ మొత్తం మార్చుకోవాల్సి వచ్చేది.

ఇందులో ఎవరి పేరూ రాయలేదని మీరు గమనించే ఉంటారు. దొర పేరూ, గుమస్తా పేరూ, ఇన్‌స్పెక్టరు పేరూ మర్యాద కోసం రాయలేదు. పెద్దమ్మ పేరు రాయాలని మాత్రం ఇప్పటిదాకా చేయి లాగుతూనే ఉంది. ఆ బోర్డు మీద ఆవిడ రాయమంటే రాశాను. ఇక్కడ కూడా రాయనా అని అడగడానికి ఇప్పుడు ఆవిడ లేదు.